విద్యార్థుల ఉచిత సేవకు సంఘం పెట్టే ఖర్చెంత?

(ఒడిశాలోని బరంపురంలో కాలేజీ అధ్యాపకులు, స్థానిక సంఘాల ప్రతినిధుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విద్యార్థుల సేవా కార్యక్రమాల గురించి మాట్లాడమంటే సేవాభావం, దేశభక్తి అంటూ మొదలుపెట్టడం రివాజు. నాకు ముందు లెక్క కావాలి. కాలేజీ పిల్లలు ఒక స్థానిక సంఘానికి ఉచితంగా పని చేసిపెడతారంటాం కదా, ఆ ఉచితానికి సంఘం ఎంత ఖర్చు పెడుతోంది? డబ్బు సంగతి తర్వాత, ముందు గంటల్లో చెప్పండి. ఒప్పందం రాసుకునే ముందు ఈ ప్రశ్న అడిగే కాలేజీలు తక్కువ. అడక్కపోయినా నోరు విప్పి చెప్పే సంఘాలు ఇంకా తక్కువ.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, మీ చోటుకు తగ్గట్టు మార్చుకోండి. పదిమంది విద్యార్థులు, సెమిస్టరు పొడుగునా ఒక్కొక్కరు 30 గంటలు. మొత్తం 300 గంటలు. సంఘం వైపు చూడండి. మొదటి రోజు పని వివరించడానికి 4 గంటలు, వారానికి 2 గంటల చొప్పున 15 వారాలు వెంట ఉండి చూసుకోవడానికి 30, లాగ్‌బుక్కులు చూసి సంతకాలు పెట్టడానికి తలకో గంట చొప్పున 10, కాలేజీతో మూడు మీటింగులకు 6. యాభై గంటలు. విద్యార్థికి మొదటి ఆరు గంటలు నేర్చుకోవడానికే పోతాయి, పదిమందికి 60. అంటే సంఘం 50 గంటలు పెడితే 240 గంటల పని వచ్చింది. గిట్టుబాటే.

ఇప్పుడు అదే 300 గంటల్ని మనకు బాగా అలవాటైన పద్ధతిలో పెట్టి చూడండి. 75 మంది, ఒక్క ఆదివారం, 4 గంటలు. బస్సు దిగి బ్యానరు కట్టి ఫోటోలు దిగేసరికి గంట. ముఖ్య అతిథి మాట్లాడేసరికి ఇంకో గంట. మిగిలిన రెండు గంటలకి 150 గంటల పని. అదీ చీపురు పని, చెత్త ఏరే పని, ఎందుకంటే అప్పటికప్పుడు చెప్పి చేయించగలిగింది అంతే. దీనికి సంఘంలో ఇద్దరు రెండు రోజులు తిరిగి ఏర్పాట్లు చేశారు, 32 గంటలు. ఆ రోజు ఐదుగురు ఆరేసి గంటలు నిలబడ్డారు, 30. మొత్తం 62. పిలవని పెళ్లికి వచ్చిన చుట్టాలకు వడ్డించినట్టు వడ్డించి పంపించారు. సోమవారం పొద్దున ఆ వీధి ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆ 75 మందిలో మళ్లీ వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

తక్కువ మంది, ఎక్కువ వారాలు, ఒకే పని. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దాన్ని ఎలా నడపాలన్న వివరం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్, అంటే జాతీయ సేవా పథకం, మొదలైంది. దాని నిబంధనలు తీసి చదవండి. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పని చెయ్యాలి, ఏడాదికి 120. అందులో పరిచయానికి, శిక్షణకి 20, క్యాంపస్ పనికి 30 పోగా, 70 గంటలు జనం మధ్య, దత్తత తీసుకున్న ఊళ్లోనో బస్తీలోనో. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దీనికి అదనం. రాసినవాళ్లకు విషయం తెలుసు. మనం శిబిరాన్ని పట్టుకుని ఆ 70 గంటల్ని వదిలేశాం. శిబిరానికి బ్యానరు ఉంటుంది, నివేదికలో ఫోటో ఉంటుంది, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు విస్తరణ కార్యక్రమాలకు ఇచ్చే మార్కులకు అది సులువుగా పనికొస్తుంది. వారం వారం శనివారం ముగ్గురు పిల్లలు అంగన్‌వాడీకి వెళ్లి వస్తే ఏం ఫోటో వస్తుంది?

మన గంజాం జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో పని చెయ్యడానికి మద్రాసు యూనివర్సిటీ నుంచి జో మడియత్ నాయకత్వంలో ఒక విద్యార్థి బృందం పశ్చిమ బెంగాల్ వెళ్లింది. ఆ ఏడాదే ఒడిశా తీరాన్ని తుపాను కొట్టాక వాళ్లలో కొందరు ఇటు వచ్చారు. వచ్చినవాళ్లలో కొద్దిమందే ఉండిపోయారు. 1979లో రిజిస్టరైన గ్రామ్ వికాస్ వాళ్ల పనిలోంచే పుట్టింది. బరంపురం పక్కన మొహుదాలో దాని కార్యాలయం మీలో చాలామందికి తెలుసు. మంచినీళ్లు, మరుగుదొడ్ల పనిలో వాళ్లు పెట్టిన షరతు ఒకటుంది. ఊళ్లో ప్రతి ఇల్లూ చేరితేనే పని మొదలవుతుంది. ఒక్క ఇల్లు కాదన్నా ఆగుతారు. ఆ షరతు నెగ్గించడానికి ఒక్కో ఊళ్లో నెలలకు నెలలు పట్టింది. సెమిస్టరు లెక్కల్లో ఆలోచించేవాళ్లకి ఇది మింగుడుపడదు.

ఇక సెమిస్టరు లెక్కకే వద్దాం. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన డిగ్రీ క్రెడిట్ల చట్రం ప్రకారం, క్షేత్ర పనికో సమాజ సేవకో ఒక క్రెడిట్ అంటే 15 వారాల సెమిస్టరులో వారానికి రెండు గంటలు, మొత్తం 30 గంటలు. టైంటేబుల్ వేసేవాళ్లు దీన్ని చూసి వారానికి రెండు గంటలు అని గీత గీసేస్తారు. అక్కడే దెబ్బ తింటాం. మన యూనివర్సిటీ ఉన్న భంజవిహార్ నుంచి గోపాలపురం దగ్గరే, అయినా ఆటో దొరికి, వెళ్లి, మనుషుల్ని పోగుచేసి, తిరిగొచ్చేసరికి రెండు గంటలు పోయినట్టే. ఊళ్లో పని సున్నా. అందుకని నాలుగేసి గంటల విడతలు ఎనిమిది పెట్టండి, రెండు వారాలకోసారి శనివారం మధ్యాహ్నం. 32 గంటలు వస్తాయి, ఒక విడత తుపానుకో బందుకో పోయినా 28 మిగులుతాయి, 30కి రెండే తక్కువ. ప్రయాణాన్ని గంటల్లో కలపాలా అని అడుగుతారు. కలపకండి. కలిపితే దూరం ఊరు ఎంచుకున్నవాడికి పని తక్కువ పడుతుంది.

ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌లో 100 మంది ఉంటే ఏం చెయ్యాలని దాన్ని నడిపే అధ్యాపకులకి, అంటే ప్రోగ్రాం ఆఫీసర్లకి, అనుమానం వస్తుంది. వందమందినీ ఒక చోటికి పంపాలని ఎక్కడా లేదు. ఎనిమిదేసి, పదేసి మంది జట్లుగా విడగొట్టి ఐదారు సంఘాలకు పంచండి. సంఘానికి క్యాంపస్‌లో కూర్చుని చేసిపెట్టే పనులూ ఉంటాయి. మహిళా సంఘం పాత పద్దు పుస్తకాలు కంప్యూటరు ఎక్కించడం, కరపత్రం రెండు భాషల్లో రాయడం. బయటికి వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలు ఎక్కువమంది ఉన్న కాలేజీల్లో ఈ జట్టు లేకపోతే సగం యూనిట్ కాగితం మీదే ఉంటుంది.

సంఘాన్ని ఎంచుకోవడంలో ఒక చిక్కు ఉంది. యూనివర్సిటీ ఆఫీసు రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, మూడేళ్ల ఆడిట్ అడుగుతుంది. ఇవన్నీ ఉన్నవి పెద్ద సంస్థలు, వాటికి విద్యార్థుల అవసరం తక్కువ. నిజంగా అవసరమున్నవి జాలరిపేటలోని గ్రామ కమిటీ, వీధి యువజన సంఘం, కొండ ఊళ్లో విత్తనాలు దాచే ఆడవాళ్ల జట్టు. వాళ్లకి రబ్బరు స్టాంపు కూడా ఉండదు. దారి ఉంది. ఒప్పందంలో డబ్బు చేతులు మారదని రాసుకుంటే ఆ పత్రాల్లో చాలావాటి అవసరం ఉండదు. లేదంటే ఊళ్లో గాఁ కల్యాణ్ సమితి, అంటే ఊరి ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ, ఉంటుంది. వార్డు మెంబరు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా అందులో ఉంటారు, బ్యాంకు ఖాతా ఉంటుంది. మూడో పక్షంగా దాన్ని సంతకం పెట్టమనవచ్చు. కానీ పని అడిగేది, చేయించుకునేది మాత్రం ఆ చిన్న సంఘమే అయి ఉండాలి. సంతకం పెట్టిన సంస్థ పని చెప్పడం మొదలుపెడితే మీరు వెళ్లిన ఊరు ఒకటి, పని చేసేది ఇంకొకరికి.

ఎంచుకునే ముందు ఇంకొకటి అడగండి. ఈ ఊరిని ఇప్పటికే ఎవరు దత్తత తీసుకున్నారు? ఉన్నత భారత్ అభియాన్ కింద ఒక్కో విద్యాసంస్థ కనీసం ఐదు గ్రామాలు తీసుకోవాలి. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ వేరే తీసుకుంటుంది, బీఎడ్ కాలేజీ వేరే, నర్సింగ్ కాలేజీ వేరే. అందరికీ రోడ్డు పక్క ఊరే కావాలి. ఒకే ఇంటికి ఏడాదిలో నాలుగు సర్వేలు వస్తాయి, మీ ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, నెలకు ఎంత సంపాదన అని. నాలుగోసారి ఆ ఇల్లాలు నోటికొచ్చింది చెబుతుంది, తప్పు ఆవిడది కాదు. పంచాయతీ ఆఫీసులో ఒక పుస్తకం పెట్టించి, ఎవరు ఎప్పుడు ఏ సర్వే చేశారో, ఫలితం ఊరికి చెప్పారో లేదో రాయించండి. ఫలితం చెప్పని కాలేజీకి రెండో సర్వే లేదు అని ఊరివాళ్లు అనగలిగితే చాలా రోగాలు కుదురుతాయి.

ఇప్పుడు పని చీటీ. ఒప్పందం కంటే దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. ఒక్కో పనికి ఒక్క కాగితం. పని ఏమిటి, ఎవరు అడిగారు, ఏ వస్తువులు కావాలి, ఎవరు తెస్తారు, పని అయిందని ఎలా తెలుస్తుంది, ఏది చెయ్యకూడదు. ‘ఆరోగ్య అవగాహన కల్పించుట’ అని రాసుకొస్తే చీటీ తిప్పి పంపెయ్యండి. అది పని కాదు, శీర్షిక.

బావి నీళ్ల సంగతే తీసుకోండి. వానాకాలంలో తీరం ఊళ్లలో బావుల్లో బ్లీచింగ్ వేయించడం, క్లోరిన్ పరీక్ష చెయ్యడం విద్యార్థులు చక్కగా చేయగల పని. చీటీలో ఇలా ఉండాలి. బావి వ్యాసం, నీటి లోతు మీటర్లలో కొలవాలి. 3.14ని వ్యాసంతో రెండుసార్లు, లోతుతో ఒకసారి గుణించి, నాలుగుతో భాగించి, వెయ్యితో గుణిస్తే లీటర్లు. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీళ్లుంటే సుమారు 9,400 లీటర్లు. మంచి బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు మామూలు లెక్క, అంటే దాదాపు 24 గ్రాములు. నీళ్లు మురికిగా ఉంటే ఇది చాలదు, అందుకే పరీక్ష. పొడిని నేరుగా బావిలో గుమ్మరించకూడదు. బకెట్లో కొంచెం నీళ్లతో ముద్ద చేసి, బకెట్ ముప్పావు వంతు నింపి కలిపి, ఐదు పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట నీళ్లు ఇంకో బకెట్లోకి వంచుకోవాలి. అడుగున మిగిలే సున్నం బావిలో పడితే నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. పైతేట నీళ్ల బకెట్‌ని తాడుతో నీటి మట్టం కిందికి దించి పైకీ కిందికీ ఆడించాలి. గంట ఆగాక చూస్తే లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. లేకపోతే మళ్లీ వెయ్యాలి.

తప్పెక్కడ జరుగుతుంది? మొదటిది పొడిలో. తాజా బ్లీచింగ్‌లో పనికొచ్చే క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూతి విప్పిన బస్తా తేమలో నెలల తరబడి ఉంటే అది సగానికీ పావుకీ పడిపోతుంది. లెక్క సరిగ్గా కట్టినా ఫలితం రాదు. రెండోది చదవడంలో. పాత కిట్లలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. పది సెకన్లలోపు కనబడే రంగే మనకు కావలసిన స్వేచ్ఛా క్లోరిన్‌ది. నలుగురికీ చూపించి, ఫోటో తీసి, ఐదు నిమిషాల తర్వాత రంగు పోల్చారంటే వేరే క్లోరిన్ కూడా కలిసి ఎక్కువ చూపిస్తుంది, బావి బాగుందని రాసుకొచ్చేస్తారు. పైగా ఆ మందు ఒంటికి మంచిది కాదు, చేతికి తగలనివ్వకూడదు, పరీక్షించిన నీళ్లు బావి గట్టున పారబొయ్యకూడదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ మాత్రల కిట్ కొనడం మేలు. చీటీలో చివరి గీత ఇది: బ్లీచింగ్ వేసిన రోజు, అంకె, బావి పేరు ఆశా దగ్గరున్న పుస్తకంలో రాయాలి, విద్యార్థి ఫోన్లో కాదు. విద్యార్థి వెళ్లిపోతాడు, పుస్తకం ఉంటుంది.

ఇంత వివరంగా రాస్తే పిల్లలు భయపడరా అంటారు. చెప్పనప్పుడే భయపడతారు. ఏం చెయ్యాలో తెలియని పిల్లాడు వీధి చివర నిలబడి ఫోన్ చూసుకుంటాడు, దాన్ని మనం బాధ్యతారాహిత్యం అంటాం.

మన దగ్గర చాలా ఒప్పందాలు చచ్చిపోయేది క్యాలెండరు దగ్గరే. కాలేజీ క్యాలెండరు ఒకటి, ఊరి క్యాలెండరు ఇంకొకటి. తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. గోపాలపురం, అర్జిపల్లి లాంటి చోట్ల మన తెలుగు జాలరి కుటుంబాల మగవాళ్లు పగలు తీరిగ్గా దొరికేది అప్పుడే. అప్పుడు మనకి పరీక్షలు, ఆపైన సెలవులు. మిగతా నెలల్లో కాలేజీ పిల్లలు పది గంటలకి తీరానికి చేరేసరికి వేట నుంచి వచ్చినవాళ్లు వలలు సర్దుకుని నిద్రపోతుంటారు. ఆడవాళ్లు చేపల గంపలతో బజారుకి వెళ్లిపోయి ఉంటారు. పొదుపు సంఘం మీటింగు పెట్టాలంటే సాయంత్రం నాలుగు తర్వాతే. ఇక లోపలి ఊళ్లలో చాలా ఇళ్ల మగవాళ్లు సూరత్ మరమగ్గాల్లో ఉంటారు. ఇంటి పెద్దతో మాట్లాడి నింపాలి అన్న ఫారాలు అక్కడ పనికిరావు. ఆ ఇంటిని నడుపుతున్నది ఎవరో వాళ్లనే అడగాలని ఫారంలోనే రాయండి.

ఋషికుల్యా నది ముఖద్వారంలో తాబేళ్ల పని అంటే విద్యార్థులకు మహా సరదా. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో. పిల్లలు పైకి వచ్చేది దాదాపు నెలన్నర తర్వాత. వాలంటీర్ల అసలు అవసరం అప్పుడు, రాత్రి పూట. ఊరి దీపాల వైపు దారితప్పి వచ్చే తాబేలు పిల్లల్ని మళ్లించాలి. పురుణబంధ దగ్గర ఊరి కమిటీ వాళ్లు ఏళ్లుగా ఆ పని చేస్తున్నారు. మనవాళ్లు ఫిబ్రవరిలో తల్లి తాబేళ్లని చూడ్డానికి వెళ్లి, టార్చిలు వేసి, ఫోటోలు తీసుకుని, ఏప్రిల్‌లో పరీక్షలని కనబడరు. వెళ్తే ఏప్రిల్‌లో వెళ్లండి. అటవీ శాఖ అనుమతితో, కమిటీ చెప్పిన వరసలో నిలబడండి. ఆ తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఎవరికి తోస్తే వాళ్లు చేత్తో పట్టుకోవడానికి వీల్లేదు.

రక్తదానంలోనూ ఇదే జబ్బు. ఆగస్టు 15కో, సెప్టెంబరు 24కో పెద్ద శిబిరం పెట్టి వందల యూనిట్లు ఇచ్చేస్తాం. సంచిలోని రక్తం మామూలుగా 35 రోజులు, అదనపు ద్రావణం కలిపిన ఎర్రకణాలు 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలుస్తాయి. దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్, తలసీమియా పిల్లలకి ఏడాది పొడుగునా రక్తం కావాలి. ఎంకేసీజీ ఆస్పత్రికి వచ్చే రోగులు ఆగస్టు 15 చూసుకుని రారు. అన్ని కాలేజీలూ కలిసి నెలలు పంచుకోండి. ముందే వడపోత చెయ్యండి: 18 ఏళ్లు నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 120 రోజుల ఎడం ఉండాలి. హిమోగ్లోబిన్ చాలక వెనక్కి పంపిన అమ్మాయిల పేర్లు అక్కడితో వదిలెయ్యకండి. వాళ్లకి పరీక్ష, ఐరన్ మాత్రలు ఇప్పించి మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. రక్తం ఇచ్చినవాళ్ల కంటే ఈ జాబితాకే నేను విలువ ఇస్తాను.

ఇక తుపాన్లు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది, దసరా నవరాత్రుల్లో. తిత్లీ 2018 అక్టోబరు 11న, అవీ నవరాత్రులే, పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్ని ముంచేసింది. అంటే మన ప్రాంతానికి వాలంటీర్లు ఎక్కువగా కావలసిన రోజుల్లో కాలేజీలకి పూజ సెలవులు, హాస్టళ్లు ఖాళీ, ప్రోగ్రాం ఆఫీసరు సొంతూళ్లో. అయినా మన వాలంటీర్ల జాబితాలు కాలేజీ ప్రకారం, తరగతి ప్రకారం ఉంటాయి. వాటిని విద్యార్థి ఇంటి పంచాయతీ ప్రకారం రాయండి. ఈ కాలేజీ పిల్లాడు ఆ రోజు ఛత్రపురం దగ్గర సొంత ఊళ్లో ఉంటాడు, అక్కడి తుపాను ఆశ్రయం తాళం ఎవరి దగ్గరుందో, నడవలేని ముసలివాళ్లు ఏయే ఇళ్లలో ఉన్నారో సెప్టెంబరులోనే రాసి పెట్టుకోవాలి. గాలివానలో చెయ్యగలిగింది ఆశ్రయంలో హాజరు పుస్తకం, వంటకి సాయం, నీళ్లు. చెట్లు కొట్టడం, వరదలో దిగడం ఓడ్రాఫ్ (ఒడిశా విపత్తు దళం) వాళ్ల పని, దానికి వాళ్లకి శిక్షణ, సామాను ఉన్నాయి. నీళ్లు తగ్గాక అసలు పని మొదలవుతుంది. నష్టం జాబితాలో పేరు లేని ఇళ్లు, కాగితాలు తడిసిపోయినవాళ్లు, దరఖాస్తు ఒడియాలో రాసుకోలేని తెలుగువాళ్లు. దానికి రెండు నెలలు పడుతుంది, అప్పటికి ట్రక్కుల్లో పాత బట్టలు తెచ్చినవాళ్లంతా వెళ్లిపోయి ఉంటారు.

ఆ చివరి మాట దగ్గర ఒక క్షణం ఆగుతాను. బరంపురంలో, జాలరిపేటల్లో తెలుగు మాట్లాడే మన పిల్లల్లో చాలామంది ఒడియా బడిలో చదివారు. తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరాలు రావు. వాళ్ల నాయనమ్మకి ఏ అక్షరాలూ రావు. వైజాగ్ నుంచి తెచ్చిన తెలుగు పోస్టరు అక్కడ అతికిస్తే ఎవరు చదువుతారు? జట్టు వేసేటప్పుడు ఒక తెలుగు ఇంటి పిల్ల, ఒక ఒడియా ఇంటి పిల్ల జతగా ఉండాలి. ఒకరు మాట్లాడతారు, ఒకరు ఫారం రాస్తారు. అచ్చు వేసే ముందు కరపత్రాన్ని వీధిలో ఐదుగురి చేత పైకి చదివించి, ఏం చెయ్యమంటోందో చెప్పమనండి. ఇద్దరు తడబడినా మార్చి రాయండి. గజపతి, రాయగడ కొండల్లో సవరలు, కొంధుల దగ్గరికి వెళ్తే ఈ రెండు భాషలూ చాలవు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు ముందు సవర భాష నేర్చుకున్నారు, ఆ తర్వాతే సవర పిల్లలకు పుస్తకాలు రాశారు, బళ్లు పెట్టారు. మన శిబిరాలు ఏడు రోజులే కాబట్టి అంత చెయ్యలేం, కానీ ఆ ఊరి యువకుడిని కూలి ఇచ్చి దుబాసీగా పెట్టుకోగలం. ఊరికే రమ్మనకండి, అతనికి ఆ రోజు పోడు పని పోతుంది.

భద్రత గురించి గబగబా చెబుతాను, కానీ వీటిలో ఏదీ వదలకూడదు. మొదటి ఏడాదిలో 18 నిండని పిల్లలుంటారు, తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. చిన్నపిల్లలతో పని ఉన్న చోట ఏ విద్యార్థీ ఒక్క పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, తలుపు తెరిచే ఉండాలి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం కింద ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. పిల్లల సహాయవాణి 1098 నంబరు ప్రతి లాగ్‌బుక్కు అట్ట మీద ఉండాలి. సర్వేలో ఆధార్ నంబరు అడగకండి, మీకు దాంతో పని లేదు. కొండ ప్రాంతాల శిబిరంలో దోమతెర తప్పనిసరి, తిరిగొచ్చాక నెలలోపు జ్వరం వస్తే ఆ రోజే మలేరియా రక్త పరీక్ష. డాక్టరుకి తాను ఫలానా కొండ ఊళ్లో పడుకుని వచ్చానని విద్యార్థి నోటితో చెప్పాలి, లేకపోతే వైరల్ జ్వరమని మాత్ర ఇచ్చి పంపేస్తారు. తిరుగు బస్సు ఎన్నింటికో పని చీటీ మీదే రాయండి.

ఒప్పందం రెండు పేజీలు మించనక్కర్లేదు. వైస్ ఛాన్సలర్ సంతకం, సంఘం అధ్యక్షుల సంతకం ఉంటాయి, సంతోషం. కానీ ఫోన్ ఎత్తే మనిషి ఎవరు? రెండు వైపులా ఒక్కో బాధ్యుడు, ఒక్కో బదులు మనిషి పేరుతో ఉండాలి. ప్రభుత్వ కాలేజీల్లో అధ్యాపకులకు బదిలీలు అవుతాయి. ఆయనతోపాటు పొత్తు కూడా కొత్త ఊరికి బదిలీ అయిపోతుంది, ఫైలు మాత్రం బీరువాలో ఉంటుంది. ఎంతమంది, ఏ రోజులు, ఏ పనులు, ఏవి కావు, ఫోటోలు ఎవరి అనుమతితో, ఎంత ముందు చెప్పి మానుకోవచ్చు, ఇవి రాస్తే చాలు. సంఘం ఏ కారణం చెప్పకుండా ఒక విద్యార్థిని వద్దనవచ్చు అన్న షరతు తప్పక పెట్టండి. కాలేజీలు దీనికి నొచ్చుకుంటాయి. నొచ్చుకున్నా పెట్టండి.

మార్కులు. సంఘం చేత మార్కులు వేయిస్తే అందరికీ పదికి పది వేస్తారు, మొహమాటం. అందుకని మార్కులు అడగకండి, మూడు ప్రశ్నలు అడగండి. చెప్పిన టైముకి వచ్చారా? ఒప్పుకున్న పని పూర్తయిందా? వచ్చే సెమిస్టరుకి ఈ విద్యార్థినే మళ్లీ తీసుకుంటారా? మూడోదానికి ‘చూద్దాం’ అని జవాబు వస్తే అర్థం మనకి తెలుసు. విద్యార్థి చేత నాలుగు పేజీల ‘నేను పొందిన అనుభూతి’ రాయించడం మానేసి, తాను నింపిన పుస్తకం, తయారుచేసిన జాబితా, సరిచేసిన పద్దు తెమ్మనండి.

డబ్బు సంగతి తర్వాత అన్నాను. సంఘం జేబులోంచి ఒక్క రూపాయి పోకూడదు, టీ ఖర్చు కూడా. గ్రాంటు వచ్చాక ఇస్తాం, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఖర్చు పెట్టిన లెక్క పత్రం) పంపాక ఇస్తాం అంటే జాలరిపేట కమిటీ ఏడాది ఎదురుచూడాలి. కాలేజీ ముందుగా చిన్న మొత్తం అడ్వాన్సుగా తీసి ప్రోగ్రాం ఆఫీసరు చేతిలో పెట్టాలి. పిల్లల వెంట తిరిగే సంఘం మనిషికి రోజుకి ఇంత అని రాసుకోవడం గౌరవంగా ఉంటుంది. ఆ మొత్తం ఆ ప్రాంతపు రోజు కూలికి తగ్గకూడదు.

ముగింపు విడతకి పదిహేను రోజుల ముందు రెండు పక్షాలూ కూర్చోవాలి. ఏ పని మిగిలింది, దాన్ని తర్వాతి జట్టు తీసుకుంటుందా, లేక ఆపేస్తున్నామా. ఆపేస్తుంటే ఊళ్లో ఆ మాట విద్యార్థులే చెప్పాలి. వచ్చే వారం అక్క రాదని పిల్లలకి ముందే తెలియాలి, ట్యూషన్ చెప్పే చోట ఇది మరీ ముఖ్యం. తాళాలు, పుస్తకాలు, కొలత సామాను, మిగిలిన బ్లీచింగ్ పొడి అన్నీ జాబితా రాసి అప్పగించి సంతకం తీసుకోండి.

పని చీటీ నమూనా ఒడియాలోనూ తెలుగులోనూ ఈ బల్ల మీద పెట్టాం, వెళ్లేటప్పుడు తీసుకోండి. ఇప్పుడు ప్రశ్నలు. ముందు సంఘాల వాళ్లు అడగండి, ప్రొఫెసర్ల వంతు ఆ తర్వాత.